నవలలో చరిత్రను చదవడం – మూడవ పాఠం: బోనులో టామ్ రాబిన్సన్ చెప్పిన ఒక్క జవాబు

కథ జరిగే కాలాన్నీ, కథ రాసిన కాలాన్నీ విడివిడిగా గుర్తించడం కిందటి పాఠంలో సాధన చేశాం. హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో కథ 1930ల నాటి అలబామాది, పుస్తకం వెలువడినది 1960లో. ఈ పాఠంలో ఆ నవలలోని న్యాయస్థాన ఘట్టాన్ని మాత్రమే చదువుదాం.

ముందుగా సాక్ష్యాలను ఒక కాగితం మీద రాసుకోండి. మేయెల్లా యూయెల్ అనే తెల్ల యువతి, నల్లజాతివాడైన టామ్ రాబిన్సన్ తనపై అత్యాచారం చేశాడని ఆరోపిస్తుంది. దెబ్బలు ఆమె ముఖానికి కుడివైపున ఉన్నాయి కనుక, కొట్టినవాడిది ఎడమచేతివాటమై ఉండాలని టామ్ తరఫు న్యాయవాది అటికస్ ఫించ్ వాదన. టామ్ ఎడమచేయి చిన్నప్పుడే పత్తి జిన్నింగ్ యంత్రంలో ఇరుక్కుని పనికిరాకుండా పోయింది. ఆమె తండ్రి బాబ్ యూయెల్ అందరి ఎదుటా ఎడమచేత్తో పేరు రాస్తాడు. వైద్యుణ్ణి ఎవరూ పిలవనే లేదు. ఇంత జరిగినా జ్యూరీ (దోషో కాదో తేల్చే పౌరుల బృందం) టామ్‌నే దోషిగా తేలుస్తుంది. చాలామంది పాఠకులు ఇక్కడ జ్యూరీని తిట్టుకుని ముందుకు వెళ్లిపోతారు. మనం ఆగవలసినది ఇక్కడే; రుజువు పూర్తయినా తీర్పు మారలేదంటే, ఆ తీర్పు రుజువుతో సంబంధం లేని మరేదో లెక్క ప్రకారం వచ్చిందన్న మాట.

ఆ లెక్క ఏమిటో ప్రాసిక్యూటర్ గిల్మర్ ప్రశ్నల్లో తెలుస్తుంది. పెళ్లయి ముగ్గురు పిల్లలున్న టామ్‌ను ‘బాయ్’ అని పిలుస్తూ, కూలి తీసుకోకుండా ఆమెకు అన్ని పనులు ఎందుకు చేసిపెట్టావని అతను గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఆమెను చూసి జాలిపడ్డానని టామ్ అంటాడు. నోరుజారానని అతనికి వెంటనే అర్థమవుతుంది, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఊరి చెత్తకుప్ప పక్కన బతికే యూయెల్ కుటుంబాన్ని ఆ ఊరి తెల్లవారు ఏనాడూ గౌరవించలేదు. అయినా ఆ ఇంటి పిల్ల మీద జాలిపడే హక్కు ఒక నల్లవాడికి ఉందంటే మాత్రం వారు ఓర్చుకోలేరు. నా దృష్టిలో నవల మొత్తానికీ ఆయువుపట్టు ఈ జవాబే, అటికస్ ముగింపు ప్రసంగం కాదు.

ఇప్పుడు దీని పక్కన స్కాట్స్‌బరో కేసును పెట్టి చూడండి. 1931 మార్చిలో గూడ్సు రైలులో వెళ్తున్న తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్లను అలబామాలో పట్టుకుని, ఇద్దరు తెల్ల యువతులపై అత్యాచారం చేశారని నేరం మోపారు. ఏప్రిల్ నెలలోనే వారిలో ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. 1933లో ఆ యువతుల్లో ఒకరైన రూబీ బేట్స్, అత్యాచారమే జరగలేదని పునర్విచారణలో చెప్పినా, నిందితుణ్ణి జ్యూరీ మళ్లీ దోషి అనే తేల్చింది. జ్యూరీలనుంచి నల్లవారిని పద్ధతి ప్రకారం మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని 1935లో అమెరికా సుప్రీంకోర్టు ఇదే వ్యవహారంలో తీర్పు ఇచ్చింది. నవల ఈ కేసుకు నకలు కాదు. అయినా నిజం బయటపడిన తరువాత కూడా తీర్పు కదలకపోవడం రెండు చోట్లా ఒకటే.

నవలకు ఒక పరిమితి ఉంది. కథ చెప్పేది అటికస్ కూతురు స్కౌట్ అనే తెల్ల బాలిక కావడంతో, టామ్ గొంతు మనకు ప్రధానంగా బోనులోనే, అదీ అడిగిన ప్రశ్నలకు జవాబుగానే వినిపిస్తుంది.

అభ్యాసం: నల్లవారి చర్చి పాస్టర్ రెవరెండ్ సైక్స్, స్కౌట్‌నూ ఆమెతో ఉన్న పిల్లలనూ న్యాయస్థానంలోని నల్లవారి బాల్కనీలోకి తీసుకువెళ్లిన చోటునుంచి తీర్పు వరకు మళ్లీ చదవండి. నల్లజాతి పాత్రలు ఎవరూ అడగకుండా తమంతట తాము మాట్లాడిన ప్రతి సందర్భాన్నీ, అప్పుడు ఎదురుగా ఎవరున్నారో కూడా రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో, ఫించ్ ఇంట్లో వంటచేసే నల్లజాతి స్త్రీ కాల్పూర్నియా పిల్లలను తన చర్చికి తీసుకువెళ్లిన అధ్యాయాన్ని ఆ జాబితాతో కలిపి చదువుదాం.