అరవై దాటాక ఇన్సులిన్ పిలిస్తే కండ పలకాలంటే

31 ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. బోర్డు మీద క్లోమం బొమ్మ గీసి, రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోమని కణాలను పిలిచే ఇన్సులిన్ అనే హార్మోన్ పని వివరించడం నాకు ఇష్టమైన పాఠం. 64వ ఏట నా సొంత రిపోర్టు చేతికొచ్చాకే ఆ పాఠం నాకు పూర్తిగా అర్థమైంది. పరగడుపు షుగర్ 112. దాని కిందే పరగడుపు ఇన్సులిన్ 19 అని ఉంది. అసలు సంగతి ఆ రెండో అంకెలో ఉంది.

తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకోవాల్సింది కండలే. వయసుతో కండ కరుగుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. మిగిలిన కండ కూడా పని లేక మొద్దుబారితే ఇన్సులిన్ పిలుపు దానికి సరిగా వినపడదు. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ వదిలి ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అన్నాళ్లూ షుగర్ రిపోర్టు మాత్రం బాగానే కనిపిస్తుంది. పరగడుపు ఇన్సులిన్ అందరికీ రాసే పరీక్ష కాదు, కానీ ఒకసారి డాక్టర్ని అడిగి చూడండి. షుగర్‌ని (మిల్లీగ్రాముల లెక్కలో) ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే హోమా స్కోరు వస్తుంది. ఒళ్లు ఇన్సులిన్ మాట ఎంతగా వినడం లేదో చెప్పే లెక్క అది. నాది 5.3. ఎక్కువే.

మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. పని చేస్తున్న కండ ఇన్సులిన్ పిలుపు కోసం ఆగదు. అది ముడుచుకుని సాగుతుంటే చాలు, కణం లోపల ఉండే గ్లూట్-4 అనే ప్రోటీన్లు పైకి వచ్చి చక్కెరను లోపలికి తీసుకుంటాయి. ఇన్సులిన్ మాట వినని కండలో కూడా ఈ దారి తెరుచుకునే ఉంటుంది.

అందుకే భోజనం తర్వాతి నడకతో మొదలుపెట్టండి. 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 60 దాటినవాళ్ల చేత మూడు పూటలా తిన్నాక 15 నిమిషాల చొప్పున నడిపించారు. రాత్రి భోజనం తర్వాత షుగర్ పెరగకుండా చూడటంలో, ఒకేసారి 45 నిమిషాలు నడవడం కంటే ఇదే బాగా పనిచేసింది. నేనూ ఇంట్లో చూసుకున్నాను. రెండు రాత్రులు ఒకే భోజనం, ఒకే టైం. మొదటి రాత్రి తిని కుర్చీలో కూర్చున్నాను. గంటన్నర తర్వాత వేలు గుచ్చి చూస్తే 186. రెండో రాత్రి చెయ్యి కడుక్కున్న పావుగంటకి లేచి, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి 15 నిమిషాలు తిరిగాను. 149. రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను.

నడక ఒక్కటే చాలదు, కండ పెరగాలి కూడా. గట్టి కుర్చీని గోడకి ఆనించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, వాటి ఊతం లేకుండా లేవండి, నెమ్మదిగా మూడు అంకెలు లెక్కపెడుతూ కూర్చోండి. మొదటి రోజు ఏడోసారికే నా తొడలు వణికాయి, అక్కడే ఆపేశాను. ఇప్పుడు పన్నెండేసి, మూడు విడతలు చేస్తున్నాను. గోడకి చేతులు పెట్టి తోయడం, కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తడం కూడా కలపండి. వారానికి రెండు మూడు రోజులు చాలు, మధ్యలో ఒక రోజు వదలండి. ఊపిరి బిగబట్టకండి, బీపీ పెరుగుతుంది.

ఎక్కువమంది గమనించనిది ఇంకోటుంది. వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో వచ్చే మెరుగు ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు నిలుస్తుంది. ఆదివారం రెండు గంటలు నడిచి వారమంతా కూర్చుంటే ఆ మెరుగు వారమంతా నిలవదు. జ్వరంతో నేను రెండు వారాలు మంచంలో ఉంటే పరగడుపు షుగర్ మళ్లీ 110 దాటింది. వారానికి కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాన్ని రోజుల మీద పరుచుకోండి, వరుసగా రెండు రోజులు ఖాళీ రానివ్వకండి. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ పరిశోధనలో ఈ 150 నిమిషాలు, కొంచెం బరువు తగ్గడం కలిసి మధుమేహం వచ్చే అవకాశాన్ని 58 శాతం తగ్గించాయి. 60 దాటినవాళ్లలో అది 71 శాతం.

ఇన్సులిన్ ఇంజక్షన్లు గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఇది తప్పక చదవండి. మా అన్నయ్య ఒక సాయంత్రం ఖాళీ కడుపుతో నడకకి వెళ్లి చెమటలు పట్టి కూలబడ్డాడు. షుగర్ 62. జేబులో 15 గ్రాముల గ్లూకోజ్ ఉంచుకోండి. 70 కంటే తగ్గితే వెంటనే తీసుకుని, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. కొత్తగా వ్యాయామం మొదలుపెడుతుంటే మందు మోతాదు గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి వస్తే ఆగిపోండి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఇన్సులిన్ ఒక్కటే కాదు, ఆకలి తీరిందని మెదడుకి చెప్పే లెప్టిన్ లాంటి ఇతర హార్మోన్లు కూడా నెమ్మదిగా, కొవ్వు తగ్గే కొద్దీ దారికొస్తాయి. అలాగని థైరాయిడ్ హార్మోన్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం వ్యాయామం చేస్తున్నామని దాన్ని మానకండి.

మళ్లీ పరీక్షకి కనీసం మూడు నెలలు ఆగండి. అదే ల్యాబు, అంతే సేపు పరగడుపు, ముందు రోజు అలవాటు లేని కష్టమైన వ్యాయామం వద్దు. ఆరో నెలలో నా షుగర్ 101, ఇన్సులిన్ 11.