పరుగు నేర్చుకుందాం – 4వ పాఠం: చదును బాట మీద అరగంట

పోయిన పాఠంలో ఆగకుండా 20 నిమిషాలు పరిగెత్తడం దాకా వచ్చాం. అది ఇంకా ఇబ్బందిగానే ఉంటే ఈ పాఠం పక్కన పెట్టి, మరో వారం ఆ 20 నిమిషాలే చేయండి. తొందరేం లేదు. అలవాటైపోయిందంటే ఈ వారం అరగంటకు వెళ్దాం. చోటు కూడా మారుద్దాం: నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, సైకిళ్లవాళ్లు, స్కేటింగ్ పిల్లలు అందరూ కలిసి వాడుకునే చదును బాట.

ఇలాంటి బాటలు కాలవ గట్ల మీద, నది ఒడ్డున, పాత రైలు మార్గాల మీద ఎక్కువగా ఉంటాయి. రైలు నిట్రంగా ఎక్కలేదు కాబట్టి, పట్టాలు తీసేసి వేసిన బాటల్లో వాలు మామూలుగా 100 మీటర్లకు 2 మీటర్లు కూడా మించదు. కళ్లకు అది కనిపించదు, కాళ్లకు మాత్రం కొంచెం తెలుస్తుంది.

చదునే కదా, తేలిక అనుకుంటాం. మోకాళ్లకు, ఊపిరికి తేలికే. చిక్కల్లా వేగంతో. మెట్ట ఎక్కేటప్పుడు మనం వద్దన్నా ఒళ్లే నెమ్మదిస్తుంది. ఇక్కడ ఆపేది ఏదీ లేదు. మొదటి ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది, దారి తిన్నగా కనిపిస్తుంది, ముందు ఎవరో పరిగెడుతుంటారు, వాళ్లను దాటాలనిపిస్తుంది. ఆ హుషారుకి లెక్క 20వ నిమిషంలో కట్టాల్సి వస్తుంది.

అందుకే బయల్దేరిన మూడో నిమిషంలో ఒక పూర్తి వాక్యం పైకి అనండి. ఏదైనా సరే, ఇంటికెళ్లి చేయాల్సిన పనులు చెప్పుకున్నా సరే. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగారంటే వేగం ఎక్కువైనట్టు. పక్కనున్నవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. వేగం చూపించే వాచీ ఉంటే మాత్రం ఈ వారం ఇంట్లో వదిలేయండి. దాన్ని చూస్తూ పరిగెత్తేవాళ్లు అంకెను కాపాడుకుంటారు గానీ ఊపిరిని కాదు.

ఇక అసలు అభ్యాసం. ఫోన్‌లో 15 నిమిషాలకు అలారం పెట్టుకుని బయల్దేరండి. అది మోగినప్పుడు ఎక్కడుంటే అక్కడే వెనక్కి తిరగండి. ఆ వంతెన దాకా వెళ్లి తిరుగుదాం, ఆ బల్ల దాకా వెళ్దాం అనుకోవద్దు. తిరుగు ప్రయాణానికి కూడా 15 నిమిషాలే పడితే వేగం సరిగ్గా కుదిరింది. 17 పట్టిందా, పోయేటప్పుడు తొందరపడ్డారు. 14లో వచ్చేశారంటే ఇంకా మంచిది, ఓపిక మిగుల్చుకున్నారన్నమాట.

ఒక్క గాలి ఈ లెక్కను తారుమారు చేస్తుంది. చెట్లు లేని గట్టు మీద ఎదురుగాలి మెట్టతో సమానం. వీలుంటే గాలికి ఎదురుగానే మొదలుపెట్టండి. అలసిన కాళ్లకు తిరుగు దారిలో గాలి సాయం దొరుకుతుంది.

వెనక్కి తిరగడం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇలాంటి బాటల మీద ప్రమాదానికి ఎక్కువ ఆస్కారం ఉండేది అక్కడే. గంటకు 20 కిలోమీటర్లతో వచ్చే సైకిలు సెకనుకు ఐదున్నర మీటర్లు దాటేస్తుంది. మీరు తల తిప్పి చూసే రెండు సెకన్లలో 11 మీటర్లు మీదికొచ్చేస్తుంది, అదీ చప్పుడు లేకుండా. కాబట్టి అలారం మోగగానే ఉన్నపళంగా తిరగొద్దు. ముందు నడకలోకి రండి. మీరున్న వైపే అంచుకు జరిగి, వీలైతే బాట దిగండి. భుజం మీదుగా వెనక్కి చూడండి, ముందుకూ చూడండి. ఖాళీగా ఉంటేనే అవతలి వైపుకు దాటి పరుగు అందుకోండి.

వెనక నుంచి బెల్ వినిపిస్తే చాలామంది ఉలిక్కిపడి పక్కకు దూకుతారు. ఎటు దూకుతారో సైకిలు తొక్కేవాళ్లకు ఎలా తెలుస్తుంది? మీరు తిన్నగా పోతూ ఉండండి, చెయ్యి కొంచెం ఎత్తితే విన్నారని అర్థమవుతుంది. ఇయర్‌ఫోన్ లేకపోతే ఉండలేమంటే ఒక చెవికే పెట్టుకోండి. ఏ పక్కన పరిగెత్తాలో బాట మొదట్లో బోర్డు ఉంటే దాని ప్రకారం చేయండి. లేకపోతే ఆ దేశంలో బండ్లు నడిచే పక్కనే ఉండటం మామూలు పద్ధతి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఎదురుగా ఎవరైనా వచ్చేటప్పుడు ఒకరి వెనక ఒకరు రావాలి.

కాళ్ల సంగతి. చదును మీద ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది, అవే కండరాలు అదే పని వేలసార్లు చేస్తాయి. పైగా వేగం కోసం అడుగు చాపాలనిపిస్తుంది. చాపితే మడమ ఒంటికి ముందుగా పడి, దెబ్బ మోకాలికి, ముంగాలికి వెళ్తుంది. అడుగు పొట్టిగా, పాదం మీ కిందే పడేలా వేయండి. తారు బాట పక్కన గట్టి మట్టి అంచు ఉంటే మధ్యమధ్య కొన్ని నిమిషాలు దాని మీదికి మారండి. వాన నీళ్లు పోవడానికి బాటను ఒక పక్కకు కాస్త వాల్చి వేస్తారు. 3 మీటర్ల వెడల్పులో 6 సెంటీమీటర్ల దాకా తేడా ఉండొచ్చు. వెళ్లి అదే బాటలో తిరిగి రావడంతో రెండు కాళ్లకూ ఆ వాలు సమంగా పంచుకున్నట్టవుతుంది. ముంగాలి ఎముక మీద ఒకేచోట వేలుతో నొక్కితే నొప్పిగా ఉంటే మాత్రం ఆ వారం పరుగు మానేయండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఈ వారం మూడుసార్లు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. వచ్చిన ప్రతిసారీ పోయిన సమయం, వచ్చిన సమయం, గాలి ఎటు వీచిందీ ఒక్క వరుసలో రాసిపెట్టుకోండి. ఆ మూడు వరుసలతోనే 5వ పాఠం మొదలుపెడతాం.