స్ట్రిప్పింగ్ టవర్ దాటినా నీళ్లలో సాల్వెంట్ మిగులుతోందా?

ట్రైక్లోరోఇథిలీన్ (టీసీఈ) అనే, లోహాల జిడ్డు వదిలించే సాల్వెంట్ కలిసిన భూగర్భజలాన్ని స్ట్రిప్పింగ్ టవర్ పైనుంచి ప్లాస్టిక్ ప్యాకింగ్ (లోపల నింపిన చిన్న ముక్కలు) మీదుగా జార్చి, కిందనుంచి బ్లోయర్‌తో గాలి ఎక్కిస్తాం. సాల్వెంట్ గాలిలోకి పోతుంది. అమెరికాలో తాగునీటికి టీసీఈ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. టవర్ బాగుంటే అది కష్టమేమీ కాదు.

బయటికొచ్చే నీళ్లలో టీసీఈ నెలనెలా పెరుగుతోంది

అందరూ బ్లోయర్‌ను అనుమానిస్తారు. నేను ముందు ప్యాకింగ్‌కు కిందా పైనా ఉన్న ప్రెషర్ తేడా చూస్తాను. తేడా పెరిగి గాలి తగ్గితే ప్యాకింగ్ పూడుకుపోతున్నట్టే. తేటగా పట్టిన బోరు నీళ్లు తెల్లారేసరికి బిందె అడుగున ఎర్ర మడ్డి దింపడం చూసే ఉంటారు. ఇక్కడా అంతే: కరిగిన ఇనుము గాలి తగలగానే తుప్పై అంటుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా ఎగిరిపోవడంతో పీహెచ్ పెరిగి సున్నం పేరుకుంటుంది. పైన బ్యాక్టీరియా జిగురు సరేసరి.

తుప్పు, సున్నం పలుచని యాసిడ్‌కు వదులుతాయి, జిగురు బ్లీచింగ్‌కు. ఒకదాని తర్వాత టవర్‌ను పూర్తిగా కడిగాకే రెండోది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణాలకే ముప్పు. ఇనుమును ముందే తీసేద్దామని తెరిచిన తొట్టిలో గాలి కొట్టకండి, సాల్వెంట్ అక్కడే వీధిలోకి పోతుంది. ఇనుమును నీళ్లలోనే కరిగి ఉంచే మందు డోసు చేయడం నయం.

ఒక నెల ఎక్కువ, ఒక నెల అసలు లేదు

శాంపిల్ సీసాలో గాలి బుడగ ఉందేమో చూడండి. సాల్వెంట్ బుడగలోకి చేరితే రిపోర్టు తక్కువ చూపిస్తుంది. అంచుదాకా నింపి మూత బిగించాలి.

టీసీఈ పోయింది, 1,4-డయాక్సేన్ తగ్గలేదు

1,4-డయాక్సేన్ అనే ఈ రసాయనం నీటిని వదిలి రాదు. గాలి పెంచితే పెరిగేది కరెంటు బిల్లే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అతినీలలోహిత కిరణాలు వాడాలి. 1,1,1-ట్రైక్లోరోఇథేన్ అనే మరో సాల్వెంట్ వాడిన చోట దీన్ని తప్పక వెతకండి, అందులో స్టెబిలైజర్‌గా (సాల్వెంట్ చెడకుండా) కలిపేవారు.

గాలి శుద్ధిచేసే కార్బన్ త్వరగా అయిపోతోంది

టవర్ నుంచి సాల్వెంట్‌తో బయటికొచ్చే గాలిని కార్బన్ ఫిల్టర్ గుండా పంపుతాం. ఆ గాలి తడిగా ఉంటుంది, ఆ తేమే కార్బన్‌లో చోటు తినేస్తుంది. కార్బన్‌కు ముందు గాలిని కాస్త వేడిచేయండి. టీసీఈ నేలలో విరిగితే పుట్టే వినైల్ క్లోరైడ్ ఉంటే మాత్రం కార్బన్‌ను నమ్ముకోవద్దు, అది సరిగా పట్టదు.

పంపు ఆపాక బావిలో మళ్లీ పెరిగింది

ఇందులో టవర్ తప్పేం లేదు. టీసీఈ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అడుగుకు దిగి, బంకమట్టిలో ఇంకి, ఏళ్ల తరబడి ఊరుతూనే ఉంటుంది. ఆ మూలం దగ్గరే సాల్వెంట్‌ను విరగ్గొట్టే పర్మాంగనేట్ ఎక్కించడమో, నేలను వేడిచేసి ఆవిరి లాగడమో చేయాలి. అందాకా పంపు ఆపకండి.