మస్టాంగ్ జీటీకి ర్యామ్ ఎయిర్ ఇంటేక్ బిగించడం ఎలా?

బండి ముందు నుంచి దూసుకొచ్చే చల్లగాలిని స్కూపుతో పట్టి, పెట్టెలోని ఫిల్టరు గుండా ఇంజన్‌కు పంపేదే ర్యామ్ ఎయిర్ కిట్. దాన్ని బిగించడం పెద్ద విద్యేమీ కాదు. స్క్రూడ్రైవరు పట్టడం వచ్చిన ఎవరైనా ఒక పూటలో ముగించొచ్చు. అయినా ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు సొంతంగా బిగించుకుని, వారం తిరక్కుండానే చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందంటూ బండి పట్టుకొస్తూనే ఉంటారు. హుడ్ (బానెట్) ఎత్తి చూస్తే చాలాసార్లు ఒకటే తప్పు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సారును, అంటే మాఫ్‌ను, బల్బు మార్చినట్టు పాత పైపులోంచి పీకి కొత్త పైపులో గుచ్చేసి ఉంటారు. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి, ఆ సెన్సారు దగ్గర మాత్రం తీరిగ్గా ఆగుతాను.

నేను చెప్పేది 2015-2017 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ గురించి. 5 లీటర్ల వీ8, అమెరికా మోడల్‌లో 435 హార్స్‌పవర్. 2016లో ఇండియాలోనూ అమ్మకానికి పెట్టారు కాబట్టి హైదరాబాద్‌లో ఈ బండి ఉన్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. వేరే కారైనా పద్ధతి ఇంచుమించు ఇదే, బోల్టులు ఉండే చోట్లే మారతాయి.

కొనేముందు

గ్రిల్లు దగ్గర నోరు తెరుచుకుని ఉండే స్కూపులోకి గాలి దూసుకొచ్చి పీడనం పెరుగుతుందనేది నిజమే. ఎంత పెరుగుతుందనేదే అసలు లెక్క. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి వల్ల వచ్చే అదనపు పీడనం ఎంత బాగా పట్టినా 500 పాస్కల్స్ దాటదు. వాతావరణ పీడనంలో అది అర శాతం కూడా కాదు. వేగం రెట్టింపై 200కు చేరితే నాలుగింతలవుతుంది, అయినా 2 శాతం లోపే. అదే ఇంజను పీల్చే గాలి 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే దాని సాంద్రత 3 శాతానికి పైగా పెరుగుతుంది. వేగంతో పనిలేకుండా దొరికే లాభం ఇదే. స్కూపు ఎంత పెద్దదన్నది కాదు, హుడ్ కింది వేడిగాలి ఫిల్టరును తాకకుండా పెట్టె ఎంత గట్టిగా మూసుకుంటుందన్నది చూసి కిట్ కొనండి.

చుట్టూ పెట్టె లేకుండా శంకు ఆకారపు ఫిల్టరును ఇంజన్ పక్కన వేలాడదీసే కిట్లు అసలు కొనొద్దు. శబ్దం బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే అది పీల్చేది రేడియేటరు వదిలిన వేడిగాలి. డబ్బు పెట్టి కంపెనీ ఇచ్చినదానికంటే నాసిరకం కొన్నట్టే.

పైపు ప్లాస్టిక్‌దే తీసుకోండి. మెరిసే అల్యూమినియం పైపు ఫొటోలకు బాగుంటుంది, వేడెక్కితే మాత్రం ఒక పట్టాన చల్లారదు. ఫిల్టరు డ్రై రకమే ఉండాలి. నూనె పట్టించే ఫిల్టర్లను కడిగి మళ్లీ నూనె రాసేటప్పుడు కొలత తెలిసి రాసేవాళ్లు తక్కువ. ఎక్కువైన నూనె గాలితో పాటు వెళ్లి సెన్సారు తీగ మీద పేరుకుంటుంది. ఈ విషయంలో ఎవరు ఎంత వాదించినా నా మాట మారదు.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ఉంటే కిట్‌కు కార్బ్, అంటే అక్కడి వాయు కాలుష్య నియంత్రణ బోర్డు, ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అనుమతి) నంబరు ఉండాలి. ఆ స్టిక్కరును హుడ్ కింద కనిపించేచోట అంటించాలి, లేకపోతే స్మాగ్ చెక్‌లో (పొగ పరీక్షలో) కంటితో చూసే తనిఖీ దగ్గరే ఆగిపోతారు. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అక్కడ బిగించాలనుకుంటే ఆర్టీవో నిబంధనలు కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

పాతది విప్పడం

రాచెట్, సాకెట్ల సెట్టు, చిన్న టార్క్స్ బిట్లు, బల్లపరుపు స్క్రూడ్రైవరు, వెర్నియర్ కాలిపర్, స్క్రూలు వేసుకోవడానికి ఒక గిన్నె, చివర్లో చూసుకోవడానికి ఓబీడీ స్కానరు (కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లను, కొలతలను చదివే పరికరం) ఉంటే చాలు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

మాఫ్ ప్లగ్గుకున్న రంగు లాకును వెనక్కి జరిపి, తర్వాత నాలుక నొక్కి ఊడదీయండి. ప్లగ్గును పట్టుకుని లాగాలి, వైర్లను కాదు. థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే, ఇంజన్‌లోకి గాలి వెళ్లే నోరు) దగ్గర క్లాంపు వదులు చేసి, ఇంజన్ లోపలి ఆవిరి వచ్చే బ్రీదర్ గొట్టం, క్యాబిన్‌లోకి శబ్దం పంపే సౌండ్ ట్యూబు విప్పేయండి. ఫిల్టరు పెట్టె బోల్టు తీసి పైకి లాగితే రబ్బరు గ్రోమెట్లలోంచి ఊడొస్తుంది. ఆ గ్రోమెట్లు పెట్టెతో పాటు లేచొచ్చి కిందెక్కడో పడిపోతుంటాయి, లెక్క చూసుకోండి. తెరుచుకున్న థ్రాటిల్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పాత సామాన్లు ఏవీ పారేయొద్దు, బండి అమ్మేటప్పుడు అడుగుతారు.

మాఫ్ సెన్సారు: ఇక్కడ నిదానించండి

ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క లోపల వెంట్రుకలాంటి తీగ ఉంటుంది. కరెంటు దాన్ని వేడిగా ఉంచుతుంది, వెళ్లే గాలి చల్లారుస్తుంది. వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఇంత గాలి లోపలికెళ్లిందని కంప్యూటరు లెక్క కడుతుంది. ఇంజెక్టర్లు ఎంత పెట్రోలు పోయాలో, స్పార్కు ఎప్పుడు పడాలో ఆ లెక్కే చెబుతుంది. ఈ బండిలో లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత చూసేదీ ఇందులోనే ఉంది.

సెన్సారును తాకకముందే పైపు కొలవాలి, ఈ మెట్టు దాటేయకండి. పాత పైపులో సెన్సారు కూర్చున్నచోట లోపలి వ్యాసం ఎంతో, కొత్త పైపులో అదేచోట ఎంతో కాలిపర్‌తో చూడండి. సెన్సారుకు తెలిసేది తన పక్కనుంచి గాలి ఎంత వేగంగా పోతోందన్నదే. పైపు మొత్తంలో ఎంత పోతోందన్నది పాత వ్యాసం ప్రకారం కంప్యూటరు వేసుకున్న లెక్క. ఉదాహరణకు 80 మిల్లీమీటర్ల పైపు స్థానంలో 90ది పెట్టారనుకోండి. లోపలి వైశాల్యం 26 శాతానికి పైగా పెరుగుతుంది. అంతే గాలి ఇంకాస్త నెమ్మదిగా పోతుంది కాబట్టి సెన్సారు 21 శాతం తక్కువ చూపిస్తుంది.

లోటు పెట్రోలును ఆక్సిజన్ సెన్సార్లు కొంతవరకు సర్దుతాయి, అందుకే బండి మామూలుగానే నడుస్తున్నట్టు అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. గాలి తక్కువొస్తోందంటే ఇంజన్ మీద లోడు తక్కువని కంప్యూటరు నమ్మి స్పార్కును ముందుకు జరుపుతుంది. హైవే మీద యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు ఇంజన్ నాకింగ్‌కు దిగుతుంది, అంటే పెట్రోలు వేళ తప్పి పేలి సిలిండరును దెబ్బతీస్తుంది. నాక్ సెన్సార్లు ఉన్నాయి కదా అని ధీమా పడొద్దు, అవి ఆఖరి కాపలా మాత్రమే. కొత్త పైపు వ్యాసం వేరైతే ఆ కిట్‌కు సరిపడే ట్యూన్ (కొత్త లెక్కల సాఫ్ట్‌వేర్) కంప్యూటరులోకి ఎక్కించాకే ఇంజన్ స్టార్ట్ చేయండి. స్టార్ట్ చేసి చూద్దాం, తర్వాత ట్యూన్ చేయిద్దాం అనే మాట వద్దు. మొదటిసారి చేసేవాళ్లు ట్యూన్ అక్కర్లేని కిట్ తీసుకోవడమే మంచిది.

ఇక సెన్సారు తీయడం. చేతులు కడుక్కుని తుడుచుకోండి, ఒకసారి బాడీ ఇనుమును తాకండి. స్క్రూలు తీసి గిన్నెలో వేయండి. ఓ-రింగు (చుట్టూ ఉండే రబ్బరు రింగు) పట్టి ఉంచుతుంది కాబట్టి సెన్సారు వెంటనే రాదు. అంచు కింద స్క్రూడ్రైవరు పెట్టి ఎగదన్నకండి. రెండు వేళ్లతో పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ నిటారుగా పైకి లాగండి. బయటికొచ్చాక ఆ చిన్న కిటికీలో వేలు పెట్టొద్దు, గుడ్డతో తుడవొద్దు, కంప్రెసరు గాలి కొట్టొద్దు. మురికిగా కనిపిస్తే మాఫ్ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రేతోనే కడిగి, దానంతటదే ఆరనివ్వండి. బ్రేక్ క్లీనరు, కార్బురేటర్ క్లీనరు దీని దరిదాపులకు రానివ్వకండి.

ఓ-రింగు చిరిగిందేమో చూసి, సెన్సారు మీదున్న బాణం గుర్తు వెతకండి. ఆ బాణం ఫిల్టరు వైపునుంచి ఇంజన్ వైపుకు చూపాలి. కంపెనీ పైపులో తిరగేసి పెట్టడం కుదరదు. కొన్ని కిట్లలో మాత్రం రెండు వైపులా దిగుతుంది, కొంపలు మునిగేది అక్కడే. అంచు పైపుకు సమంగా, గోరు కూడా దూరనంత దగ్గరగా కూర్చోవాలి. ప్లాస్టిక్ రంధ్రమైతే స్క్రూను ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పండి. మర పాత గాడిలో పడినప్పుడు చిన్న కుదుపు వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడివైపు తిప్పి, ఆగినచోట ఇంకొంచెం బిగిస్తే చాలు. బ్యాటరీ డ్రిల్లు ఇక్కడ వాడితే మర ఊడిపోతుంది, ఊడితే పైపు మొత్తం మార్చాలి.

చాలామందికి తట్టనిది ఇంకొకటుంది. సెన్సారు సరిగ్గా బిగించాక కూడా, క్లాంపులు బిగించేటప్పుడు పైపును అందం కోసం అటో ఇటో తిప్పేస్తారు. వంపు దాటిన గాలి పైపు అంతటా ఒకే వేగంతో పోదు, బయటి అంచున ఒకలా, లోపలి అంచున ఒకలా ఉంటుంది. సెన్సారు ఏ కోణంలో ఉండాలో కిట్ తయారుచేసినవాళ్లు చూసుకునే పెట్టారు. సూచనల బొమ్మలో ఎలా ఉందో అలాగే ఉంచండి. పైపు లోపల తేనెపట్టు లాంటి జాలీ వస్తే అది కూడా గాలిని చక్కబరచడానికే, ఇంకొంచెం గాలి వస్తుందని దాన్ని పీకేయకండి.

కొత్తది కూర్చోబెట్టడం

పెట్టెను గ్రోమెట్లలో దించి, ఫిల్టరు, పైపు తగిలించి, క్లాంపులన్నీ ముందు వదులుగానే ఉంచండి. అన్నీ కుదిరాక థ్రాటిల్ బాడీ వైపునుంచి మొదలుపెట్టి బిగించాలి. నోట్లో కుక్కిన గుడ్డ తీశారా అని ఇప్పుడే చూడండి. టీ-బోల్టు క్లాంపులు టర్బో బండ్లకు. ఇక్కడ మామూలు స్క్రూ క్లాంపులు చాలు, అతిగా బిగిస్తే ప్లాస్టిక్ పైపు నొక్కుకుపోతుంది.

సెన్సారు దాటాక థ్రాటిల్ దాకా ఎక్కడ చిల్లు ఉన్నా, లెక్కలోకి రాని గాలి లోపలికెళ్లిపోతుంది. బ్రీదర్ గొట్టం క్లిక్ మనేదాకా నొక్కండి. సౌండ్ ట్యూబు తీసేసే కిట్ అయితే ఆ రంధ్రానికి మూత ఉండాలి. ఐడిల్‌లో ఈ పైపులో వాక్యూమ్ దాదాపు ఉండదు కాబట్టి లీకు బుస్సుమని వినిపించదు. ప్రతి అతుకునూ వేలితో చుట్టూ తడిమి చూడాలి.

స్కూపును గ్రిల్లు వెనక తగిలించి, పెట్టెతో కలిసేచోట ఫోమ్ సందు లేకుండా అతకండి. పైపుకూ ఇంజన్‌కు అంటుకోని భాగాలకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి, తొక్కినప్పుడు ఇంజన్ ఒక పక్కకు ఊగుతుంది. హుడ్ తగులుతుందేమో చూడటానికి చపాతీ పిండి ముద్దలు చిన్నవి పెట్టె పైన నాలుగు చోట్ల పెట్టి, మీద ప్లాస్టిక్ కవరు వేసి, హుడ్ నెమ్మదిగా మూసి తెరవండి. ముద్ద కాగితంలా పల్చబడినచోట పెట్టె హుడ్‌ను తాకుతున్నట్టే, దాన్ని కిందికి సర్దాలి. రబ్బరు అంచు ఉన్నచోట మాత్రం ముద్ద అణగాలి, అణక్కపోతే అక్కడ వేడిగాలి దూరుతుంది.

స్కూపు అడుగున నీళ్లు కారే రంధ్రం ఉందో లేదో చూడండి. మామూలు వానకు భయం లేదు. ఫిల్టరును బంపరు కిందికి దించే కిట్లు మాత్రం నాకు అస్సలు నచ్చవు. నీటిని పిస్టను నొక్కలేదు, సిలిండరులోకి వెళితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. హ్యూస్టన్‌లోనో హైదరాబాద్ అండర్‌పాస్‌లోనో నీళ్లు నిలిచాయంటే ఏ ఇంటేక్ ఉన్నా బండి దించకండి.

స్టార్ట్ చేశాక

బ్యాటరీ కలిపి, పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. మొదట్లో ఆర్పీఎం కాస్త ఊగొచ్చు, కంప్యూటరు మళ్లీ నేర్చుకుంటోంది. అద్దాల ఆటోమేటిక్ కదలిక పోతే, స్విచ్చిని పైకి లాగి అద్దం పూర్తిగా లేచాక కొన్ని సెకన్లు పట్టి ఉంచితే తిరిగొస్తుంది.

తర్వాత ఓబీడీ స్కానరు పెట్టండి. అది లేకుండా ఈ పని మొదలే పెట్టొద్దంటాను. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో మాఫ్ సెకనుకు 5 గ్రాములకు అటూ ఇటూ చూపాలి. ఒక రోజు మామూలుగా నడిపాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచి లేదా తగ్గించి సర్దుతోందన్న లెక్క, 5 శాతం లోపుంటే బాగున్నట్టు. ప్లస్ 10 దాటితే తొక్కకుండా ఇంటికి తెచ్చి అన్నీ మళ్లీ చూడండి. గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదని చెప్పే పి0171, పి0174 కోడ్‌లు రెండూ కలిసొస్తే సెన్సారు తర్వాత లీకు ఉండొచ్చు, లేదంటే పైపు వ్యాసం తేడా. మాఫ్ సిగ్నల్ తక్కువుందనే పి0102 అయితే ముందు ప్లగ్గు చూడండి, లాకు వేసి ఉండరు.

హైవే మీద నడుస్తున్నప్పుడు ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. బాగా ఎక్కువుంటే పెట్టె ఎక్కడో మూసుకోవట్లేదు, పిండి ముద్దలతో ఇంకోసారి చూడండి. వందా రెండొందల మైళ్లు తిరిగాక రబ్బరు సర్దుకుని క్లాంపులు కొంచెం వదులవుతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒక్కోదాన్నీ పావు చుట్టు బిగించండి.