నర్సింగ్ పరిశోధన పేపర్‌ను తూచే ముందు జాగ్రత్తలు

ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులు క్రిటిక్‌లు (పరిశోధన పేపర్ల మంచిచెడ్డలు తూచి రాసే సమీక్షలు) సమర్పించే రోజులు దగ్గరపడ్డాయి. పేపర్ బాగుందని తేల్చేముందు, ముఖ్యంగా దాన్ని నమ్మి వార్డులో పద్ధతి మార్చేముందు, ఇవి చూసుకోండి.

• పి విలువ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ ఉందని తొందరపడకండి, తేడా ఎంతో చూడండి. 100 మందిలో నలుగురికి వచ్చే పడక పుండ్లు ఏదైనా కొత్త సేవ వల్ల ఇద్దరికే వస్తే "సగానికి తగ్గాయి" అని రాస్తారు. నిజంగా తగ్గింది నూటికి 2. అంటే ఒక్కరికి మేలు జరగాలంటే 50 మందికి ఆ సేవ చేయాలి. నైట్ డ్యూటీలో ఉన్న ఇద్దరు సిస్టర్లతో అది కుదురుతుందా?

• గుణాత్మక అధ్యయనాన్ని (అంకెలతో కాక మనుషుల మాటలు, అనుభవాలతో చేసేదాన్ని) శాంపిల్ చిన్నదని కొట్టేయకండి. లోతుగా మాట్లాడితే 12 మంది తల్లులు కూడా చాలవచ్చు. కొత్త విషయం రావడం ఆగేదాకా మాట్లాడారా అన్నదే ప్రశ్న.

• ఇంటర్వ్యూ చేసిందెవరు? ఆ వార్డు ఇన్‌ఛార్జే అడిగితే రోగి నోట ఫిర్యాదు రాదు.

• మాటలు తెలుగువి, విశ్లేషణ ఇంగ్లిషులో అయితే అనువాదం ఎవరు సరిచూశారో వెతకండి. "కడుపు మండిపోతోందమ్మా" అన్న తల్లి దుఃఖం ఎసిడిటీగా మారిపోయేది అక్కడే.

• కంట్రోల్ గ్రూపు (పోల్చడానికి శిక్షణ ఇవ్వకుండా ఉంచే గుంపు) లేని ప్రీటెస్ట్, పోస్ట్‌టెస్ట్ (శిక్షణకు ముందు, తర్వాత పెట్టే పరీక్షలు) అయితే అనుమానించండి. అదే ప్రశ్నపత్రం రెండోసారి రాస్తే మార్కులు మామూలుగానే పెరగొచ్చు. పైగా చేతుల శుభ్రతపై మార్కులు పెరిగినంత మాత్రాన చేతులు కడగడం పెరిగినట్టు కాదు.

• మధ్యలో తప్పుకున్నవాళ్లను లెక్కలో ఉంచారా? బాగా జబ్బుపడ్డవాళ్లే తప్పుకుంటే ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.