మేలో జారే క్రీమ్, శ్రావణంలో ఆరని రాఖీ: ఇంటి బేకింగ్, చేతిపనుల్లో సమస్యలు - పరిష్కారాలు

హన్మకొండలో ఇంట్లోనే కేకులు, చేతిపనులు చేసి అమ్ముకునేవాళ్లకు ఒక విచిత్రమైన చిక్కుంది. ఏ సరుకు ఏ కాలంలో త్వరగా పాడవుతుందో, జనం దాన్ని ఆ కాలంలోనే అడుగుతారు. క్రీమ్ కేకుల ఆర్డర్లు పెళ్లిళ్ల సీజన్‌లో, అంటే మండుటెండల్లో వస్తాయి. జిగురుతో పని ఉండే రాఖీలు ముసురు పట్టే శ్రావణంలో కావాలి. ఎగ్‌లెస్ కేకు కావాలనే ఫోన్లు కార్తీకంలో ఎక్కువ. ఆ నెలలోనే పెరుగు పులవడం మానేస్తుంది. అందుకే నిన్నటిదాకా బాగా వచ్చిన కేకు ఇవాళ చెడితే, కొలతలను అనుమానించే ముందు క్యాలెండర్ వైపు ఓసారి చూడమంటాను.

క్రీమ్ జారుతోంది, పూలు వాలిపోతున్నాయి

ఒక రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి సుబేదారి నుంచి కాజీపేటకు రెండు కిలోల కేకు స్కూటీ మీద పంపాను. వాళ్లింట్లో డబ్బా తెరిస్తే పైనున్న గులాబీలన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి. ఒక పువ్వయితే అంచు దిగివచ్చి బోర్డు మీద కూర్చుంది. ఆ ఇంటి పెద్దమ్మ చూసి, "ఏంది బిడ్డా, కేకుకు గూడ వడదెబ్బ తాకిందా?" అన్నది. డబ్బులు వాపస్ ఇచ్చి వచ్చాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తప్పు మూడు చోట్ల దొరికింది.

మొదటిది క్రీమ్ కొట్టిన తీరు. ఫ్రీజర్‌లో ఉన్న విప్పింగ్ క్రీమ్‌ను తొందరలో బయటపెట్టి కరిగించాను. దాన్ని ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. కొట్టేటప్పుడు అందులో ఇంకా కాసిని ఐసు పలుకులు తగులుతూ ఉండాలి. గిన్నె, బీటర్ పుల్లలు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. గిన్నె కింద ఐసు నీళ్ల పళ్లెం ఉంచండి. ఒకేసారి లీటరు కాకుండా పావు లీటరు చొప్పున కొట్టండి. కొట్టాక పలుకులుగా కనిపిస్తే అతిగా కొట్టారన్నమాట. కొట్టని చల్లటి క్రీమ్ రెండు చెంచాలు వేసి గరిటెతో మెల్లగా కలిపితే చాలావరకు కుదురుకుంటుంది. కిరాణా కొట్టులో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్‌ను గంట కొట్టినా గట్టిపడదు. అది కూరల్లోకి. కేకుకు కనీసం 30 శాతం కొవ్వుండాలి. మన ఎండలకు మాత్రం పాల క్రీమ్ కన్నా నాన్-డెయిరీ క్రీమే ఎక్కువసేపు నిలుస్తుంది. రుచిలో పాల క్రీమ్‌కు సాటి రాదు, అయినా మే నెలలో నేను దానికే ఓటేస్తాను.

రెండోది స్పాంజ్. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది, నడుమ వెచ్చదనం మిగిలి ఉంటుంది. ఎండాకాలం స్పాంజ్‌ను ముందురోజే చేసి, గాలి చొరకుండా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. క్రీమ్ పూశాక మొత్తం కేకు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి.

మూడోది ప్రయాణం. కేకు డబ్బాను చేత్తో పట్టుకుని వెనక కూర్చోవడం కన్నా స్కూటీ ముందు కాళ్ల దగ్గర చదునుగా పెట్టడం మేలు. దాన్ని థర్మాకోల్ పెట్టెలో ఉంచి, నాలుగు మూలలా గడ్డకట్టిన నీళ్ల సీసాలు న్యూస్‌పేపర్లో చుట్టి పెట్టండి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఏడు దాటాకే క్రీమ్ కేకులు ఇస్తాను. మధ్యాహ్నమే కావాలంటే గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత) కేకు తీసుకోమంటాను. డార్క్ చాక్లెట్ రెండు వంతులకు క్రీమ్ ఒక వంతు, వైట్ అయితే మూడు వంతులకు ఒకటి. చలికాలం కొలతతో చేస్తే అదీ కారుతుంది.

చాక్లెట్ల మీద తెల్ల మచ్చలు

బూజేమో అని భయపడి ఫోన్ చేస్తారు. వేలితో రుద్ది చూడమనండి. జిడ్డుగా తగిలి మాయమైతే అది పైకి తేలిన కొవ్వు, వేడికి కరిగి మళ్లీ గడ్డకట్టినందుకు వచ్చింది. గరగరలాడుతూ పోకుండా ఉంటే చక్కెర. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే డబ్బా తెరిస్తే చాక్లెట్ మీద చెమ్మ చేరి చక్కెరను పైకి లాగుతుంది. రెండూ తినడానికి భయం లేదు, చూడ్డానికే బాగుండవు. డబ్బా మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగితే రెండోది రాదు. మొదటిది రాకూడదంటే అసలు చాక్లెట్‌ను సరిగ్గా టెంపర్ చేయాలి. డార్క్ చాక్లెట్‌ను 45 డిగ్రీలకు పైగా కరిగించి, 28కి దించి, 31-32 దగ్గర అచ్చుల్లో పోయాలి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన వంటగది ఎండాకాలంలో అంతకంటే వేడిగా ఉంటుంది. ఏసీ లేకపోతే ఈ మూడు నెలలు కాంపౌండ్ చాక్లెట్‌తో (కోకో వెన్నకు బదులు వేరే కొవ్వు వాడినది) సరిపెట్టుకోండి, దానికి టెంపరింగ్ గొడవ లేదు.

కేకు ఓవెన్‌లో ఉండగా కరెంటు పోయింది

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేచిందంటే ఇది తప్పదు. మామూలు ఇంటి ఇన్వర్టర్ ఫ్యాన్లు తిప్పుతుందిగానీ 1,500-2,000 వాట్ల ఓటీజీని (కరెంటు ఓవెన్‌ను) మోయలేదు. తలుపు మాత్రం తెరవకండి. బేకింగ్ సగం దాటి, పైన పొర కట్టి ఉంటే లోపలి వేడికే ఇంకాస్త ఉడుకుతుంది. కరెంటు వచ్చాక పుల్ల గుచ్చి చూసుకోవచ్చు. మొదటి పావుగంటలోనే పోతే నేను టిన్నును, ముందే స్టాండ్ పెట్టి వేడిచేసి ఉంచిన మందపాటి గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద మూతపెడతాను. కాస్త కుంగినా పచ్చిగా మిగలదు. మబ్బు కమ్మిన రోజు ఆ గిన్నె పొయ్యి మీద సిద్ధంగా ఉండాల్సిందే. దానికన్నా మంచి ఉపాయం, తెల్లవారుజామున ఐదింటికే బేకింగ్ ముగించడం.

కుకీలు మెత్తబడ్డాయి, ఫాండెంట్‌కు చెమట పట్టింది

మృగశిర దాటాక మొదలవుతుంది ఈ బాధ. చక్కెర గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బెల్లం ఇంకా ఎక్కువ పీలుస్తుంది, అందుకే జొన్నపిండి-బెల్లం కుకీలు అందరికంటే ముందు మెత్తబడతాయి. 150 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు మళ్లీ పెట్టి, పూర్తిగా చల్లారాక బిగుతు మూత డబ్బాలో తినే సరుకుకు వాడే సిలికా జెల్ పొట్లంతో సహా సర్దండి. వెచ్చగా ఉండగానే కవర్‌లో వేస్తే లోపల ఆవిరి నీరై బూజు పడుతుంది. చాలామంది మైదాను తిడతారు, నూటికి తొంభైసార్లు తప్పు తొందరదే.

ఫాండెంట్ (చక్కెర ముద్ద) బొమ్మలకు ఫ్రిజ్ వద్దు. బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగు కారుతుంది. ముద్దలో దాన్ని గట్టిపరిచే సీఎంసీ పొడి కాస్త కలిపి, బొమ్మలు మూడు నాలుగు రోజుల ముందే చేసి ఫ్యాన్ కింద ఆరనిచ్చి, కేకు ఇచ్చే ముందు అమర్చండి. తడి తగిలిన చోట కార్న్‌ఫ్లోర్ మెత్తటి బ్రష్‌తో అద్దితే సరిపోతుంది.

రాఖీ రాళ్లు ఊడుతున్నాయి, రెజిన్ జిగటగా ఉంది

రాఖీ పున్నమి ఎప్పుడూ వానల్లోనే. పట్టుదారం గాజులకైనా రాఖీకైనా, ఎండాకాలం రాత్రి అంటించి పొద్దున ప్యాక్ చేసే ఫ్యాబ్రిక్ జిగురుకు ముసురులో రెండు రోజులు కావాలి. పైన ఆరినట్టు కనిపిస్తుంది, రాయి కింద పచ్చిగానే ఉంటుంది. ప్లాస్టిక్ కవర్‌లో వేశాక అది ఇక ఆరదు, రాయి పక్కకు జారుతుంది. తొందరపడి క్విక్ జిగురు వాడితే రాయి చుట్టూ పొగలాంటి తెల్లటి మచ్చ వస్తుంది, తేమకు అది మామూలే. సూది మొనంత జిగురు చాలు, ఫ్యాన్ గాలి తగలాలి, రెండు రోజులు ఆగి ప్యాక్ చేయాలి. నేను రాఖీలను ఆషాఢంలోనే చేసిపెడతాను. ఆ నెల ముహూర్తాలు ఉండవు, పెళ్లి కేకులూ ఉండవు, చేతులు ఖాళీ. దూరాన ఉన్న అన్నదమ్ములకు పంపేవాళ్లకు పండగకు పది రోజుల ముందే ఇచ్చేయాలి.

రెజిన్ (హార్డెనర్ కలిపితే గట్టిపడే ద్రవం) జిగటగా మిగిలితే రెండు అనుమానాలు. హార్డెనర్ కొలత తప్పింది, లేదా తేమ తగిలింది. సీసా మీద కొలత బరువులో ఉందా, పరిమాణంలో ఉందా చదవండి. చాలామంది తప్పేది ఇక్కడే. సరైన కొలతతో పైన పలుచటి పొర ఇంకోటి పోస్తే చాలావరకు గట్టిపడుతుంది. రెజిన్ గిన్నె, చెంచా కేకుల గదిలోకి రానివ్వకండి. ఈ ఒక్క విషయంలో నేను ఇంట్లోవాళ్లతో కొట్లాటకైనా సిద్ధం.

కొత్తవాడ దర్రీ ముక్కలతో చేసిన పర్సులకు ముసురులో ముక్కిపోయిన వాసన వస్తుంది. నూలు చెమ్మ పీలుస్తుంది మరి. ఎండ కాసిన గంట చూసి ఆరేసి, కాగితంలో చుట్టి దాచండి, ప్లాస్టిక్‌లో వద్దు.

బతుకమ్మ కేకు, దీపావళి దివ్వెలు

బతుకమ్మ కేకు అడిగేవాళ్లు నిజమైన గునుగు, తంగేడు పూలు పెట్టమంటారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ బతుకమ్మకు పేర్చే గునుగును రంగునీళ్లలో ముంచుతారు, ఆ రంగు తినేది కాదు, క్రీమ్‌లోకి దిగుతుంది. పూలను బోర్డు చుట్టూ పేర్చి, కేకు మీద మాత్రం క్రీమ్‌తోనే వరుసలు పెట్టండి. ముదురు ఎరుపు, పసుపు రావాలంటే జెల్ రంగు వేసి గంటసేపు పక్కన పెట్టాలి, నిలిచేకొద్దీ చిక్కబడుతుంది. నీళ్ల రంగు వేస్తే క్రీమ్ పలచనవుతుంది.

మట్టి దివ్వెలు నూనె కారుస్తున్నాయని, రంగు పొట్టులా లేస్తోందని రెండు ఫిర్యాదులు వస్తాయి. మట్టికి సన్న రంధ్రాలుంటాయి, నూనె పీలుస్తుంది. రంగు వేయకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి తీస్తే ఆ పీల్చుకోవడం కొంత తగ్గుతుంది. అయితే తర్వాత పూర్తిగా ఆరాలి, రెండు మూడు రోజులు పట్టినా సరే. లోపల తడి ఉండగా రంగు వేయడం వల్లే పొట్టు లేస్తుంది. లోపలి వైపు, ఒత్తి ఆనే మూతి దగ్గర రంగు, కుందన్లు, చెమ్కీ ఏవీ వద్దు, అంటుకుంటాయి.

ఎగ్‌లెస్ కేకు నడుమ బంకగా ఉంది, సబ్బు వాసన వస్తోంది

ఇది పట్టుకోవడానికి నాకు రెండు కార్తీకాలు పట్టింది. మేలో అదే కొలతతో దూదిలా వచ్చిన కేకు నవంబర్లో గోధుమరంగుకు తిరిగి సబ్బు వాసన వేసింది. ఒక కప్పు పెరుగుకు అర టీస్పూన్ వంటసోడా నా కొలత. సోడా పనిచేయాలంటే పులుపు కావాలి. మేలో నాలుగు గంటల్లో పులిసే పెరుగు చలి మొదలయ్యాక రాత్రంతా ఉన్నా కమ్మగానే ఉంటుంది. పులుపు చాలక మిగిలిన సోడానే ఆ వాసన. ఆ కాలంలో కప్పు పెరుగుకు ఒక టీస్పూన్ వెనిగర్ లేదా నిమ్మరసం చేర్చండి, లేకపోతే ముందురోజే పెరుగు బయటపెట్టి పులవనివ్వండి. పెరుగును నాలుకకు తాకించి చూడటమే నా కొలమానం.

నడుమ బంకగా ఉంటే పెరుగులో నీళ్లు ఎక్కువున్నాయి. పలుచటి బట్టలో కాసేపు వేలాడదీయండి. సోడా కలిపిన పిండి ఆగదు, ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి.

కార్తీకంలో, అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్లలో "గుడ్డు కొట్టిన బీటర్‌తోనే చేస్తున్నవా అక్కా?" అని అడుగుతారు. అడగడం వాళ్ల హక్కు. నేను వేరే గిన్నె, వేరే బీటర్ పుల్లలు పెట్టుకున్నాను. లేబుల్ మీద ఎగ్‌లెస్‌కు ఆకుపచ్చ చుక్క, గుడ్డున్నదానికి గోధుమరంగు త్రిభుజం, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు వేయండి.

చలికాలం పిండి విరిగినట్టు ఉంది, బన్నులు పొంగవు

ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు వెన్నలో పడగానే పిండి విరిగిన పాలలా కనిపిస్తుంది. గిన్నెను వేడినీళ్ల మీద పది సెకన్లు పట్టుకుని, చెంచాడు మైదా వేసి కొట్టండి. వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి, కరగకూడదు. పొంగాల్సిన బన్ను పిండిని ఆపి ఉన్న ఓటీజీలో, పక్కన వేడినీళ్ల గిన్నెతో పెట్టండి. క్రిస్మస్ ప్లమ్ కేకులో పండ్లు అడుక్కి దిగితే, నానబెట్టిన రసం వడకట్టి పండ్లకు కాస్త మైదా అద్దండి. ఫాతిమానగర్ వైపు ఆర్డర్లు డిసెంబర్ రెండో వారానికే నిండుతాయి, పండ్లు నవంబర్‌లోనే నానాలి.

ఆర్డర్లున్నాయి, చేతిలో పైసా లేదు

మైదా, వెన్న లెక్కేసి డబ్బా, బోర్డు, పెట్రోల్, కరెంటు మర్చిపోతే ఇలాగే అవుతుంది. 2,000 వాట్ల ఓటీజీ ఆగకుండా గంట మండితే 2 యూనిట్లు. థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతుంది కాబట్టి నిజానికి కొంత తక్కువే. ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. డిసెంబర్‌లో ఒక్క ప్లమ్ కేకుల వారం చాలు గీత దాటడానికి. ముందుగా సగం డబ్బు తీసుకోకుండా ఓవెన్ వెలిగించకండి, చుట్టాలైనా సరే. "వదినె, డబ్బా, వెన్న తెచ్చుకోవాలె, సగం పంపుండ్రి" అంటే ఎవరూ నొచ్చుకోలేదు ఇప్పటిదాకా.

పెత్రమాసకు (పెద్దల అమావాస్యకు) ముందు పక్షం రోజులు, సమ్మక్క-సారలమ్మ జాతర వారం ఫోన్ మోగకపోతే కంగారు వద్దు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతరైతే, ఆ వారం నాకు వచ్చినవి రెండే ఆర్డర్లు. ఊరు ఊరంతా ములుగు రోడ్డు మీదే ఉంది. అలాంటి రోజుల్లో మీటరు రీడింగ్ రాసుకుని, టిన్నులు తోమి, బేకింగ్ పౌడర్‌ను వేడినీళ్లలో వేసి చూస్తాను. బుస్సున పొంగకపోతే ఆ డబ్బా చెత్తలోకే.