లిక్విడ్ క్రిస్టల్ రంగు మారడం లేదా? ముందు గది వేడి చూడండి

కొలెస్టరైల్ ఓలియైల్ కార్బొనేట్, కొలెస్టరైల్ పెలార్గొనేట్, కొలెస్టరైల్ బెంజోయేట్ కలిపి కాలేజీ ల్యాబుల్లో చేసే, వేడిని బట్టి రంగులు మారే లిక్విడ్ క్రిస్టల్ (ద్రవంలా పారుతూనే అణువులు ఒక క్రమంలో ఉండే పదార్థం) మిశ్రమం గురించి రాస్తున్నాను. "కెమికల్ పాడైపోయింది సార్" అంటూ సీసా పట్టుకొచ్చినవాళ్లను చాలామందిని చూశాను. వాటిలో నిజంగా పాడైనవి చాలా తక్కువ.

అసలు రంగే రాలేదు

గదిలో ఎన్ని డిగ్రీలుందో చూశారా? దాదాపు ఎవరూ చూడరు. 0.65 గ్రాముల ఓలియైల్ కార్బొనేట్, 0.25 పెలార్గొనేట్, 0.10 బెంజోయేట్ కలిపితే వచ్చే మిశ్రమం 17 నుంచి 23 డిగ్రీల మధ్యే రంగులు చూపిస్తుంది. మార్చి నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ లేని గదిలో పెడితే అది ఎప్పుడో ఆ హద్దు దాటేసి, రంగు లేకుండా ఉంటుంది. సీసాను చల్లటి నీళ్లలో పెట్టి చూడండి. ముందు నీలం, తర్వాత ఆకుపచ్చ, చివర ఎరుపు వచ్చాయంటే మిశ్రమం బాగున్నట్టే. మన గదులకు 0.45, 0.45, 0.10 పాళ్లు నయం, 26.5 నుంచి 30.5 వరకు పనిచేస్తుంది. ఇంకా వేడి రోజులకు 0.40, 0.50, 0.10 కలపండి, 32 నుంచి 35 వరకు వస్తుంది.

రంగు వెలిసినట్టుంది

వెనక నల్ల కాగితం పెట్టండి. ఇందులో అణువులు మరమేకు చుట్లలా మెలితిరిగి ఉంటాయి. వేడెక్కేకొద్దీ ఆ చుట్లు దగ్గరవుతాయి, అందుకే రంగు ఎరుపు నుంచి నీలానికి జరుగుతుంది. చుట్ల మధ్య దూరానికి సరిపడే రంగు కాంతిలోనూ సగమే వెనక్కి వస్తుంది, మిగతాదంతా లోపలికి పోతుంది. వెనక తెల్లగా ఉంటే అదీ తిరిగొచ్చి అసలు రంగును ముంచేస్తుంది. పక్క నుంచి చూస్తే నీలం వైపు జరిగినట్టు కనిపించడం లోపం కాదు.

రంగులు వస్తున్నాయి, కానీ అనుకున్న డిగ్రీల దగ్గర కాదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక ఏడాది ఫిబ్రవరి 28, సైన్స్ దినోత్సవం కోసం 32-35 మిశ్రమం రెండుసార్లు చేశాను. రెండుసార్లూ రంగులు పైడిగ్రీల్లోనే మొదలయ్యాయి. బ్యాలెన్స్‌ను అనుమానించాను, థర్మామీటర్ మార్చాను, కెమికల్ అమ్మినవాళ్లను తిట్టుకున్నాను. చివరికి, తూచాక పక్కన పడేసిన బటర్ పేపర్‌ను మళ్లీ బ్యాలెన్స్ మీద పెడితే కారణం దొరికింది.

ఓలియైల్ కార్బొనేట్ మిగతా రెండింటిలా పొడి కాదు, జిగురు ముద్ద. కాగితం మీద 0.40 తూచినా సీసాలో పడేది అంతకంటే తక్కువే, మిగతాది కాగితానికీ, స్పాచులా అనే చిన్న గరిటెకూ అంటుకుంటుంది. కంటికి మరకలా కనిపించే ఆ కాస్తే మొత్తం తేడా తెస్తుంది. ఓలియైల్ కార్బొనేట్ 0.38, పెలార్గొనేట్ 0.52 చేస్తే 33-36, 0.36, 0.54 చేస్తే 34-37. అంటే ఒక గ్రాము మిశ్రమంలో 20 మిల్లీగ్రాములు అటు నుంచి ఇటు మారితే ఒక డిగ్రీ జరిగినట్టే.

కాబట్టి ఖాళీ సీసాను బ్యాలెన్స్ మీద పెట్టి, సున్నా చేసి, ముద్దను ముందుగా నేరుగా సీసాలోనే తూచండి. పొడులు తర్వాత వేయండి, అవి కాగితం నుంచి సులువుగా జారిపోతాయి. ఇప్పటికే చేసేసిన మిశ్రమాన్ని పారేయొద్దు. స్పాచులా కొనతో ఇంకాస్త ఓలియైల్ కార్బొనేట్ వేసి, కరిగించి, చల్లార్చండి. మూత పెట్టిన సీసాను గోరువెచ్చని నీళ్ల గ్లాసులో థర్మామీటర్‌తో పాటు ఉంచి, నీళ్లు మెల్లగా చల్లారుతుంటే ఏ డిగ్రీకి ఏ రంగు వచ్చిందో రాసుకోండి. హద్దు మరీ కిందికి దిగితే పెలార్గొనేట్ కలపండి.

తెల్లటి పలుకులు మిగిలాయి

అది కరగని బెంజోయేట్. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త రైనిట్జర్ రెండు కరుగు స్థానాలు చూసి ఆశ్చర్యపోయిన పదార్థం ఇదే: 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా మారుతుంది, 178.5 దగ్గర తేటపడుతుంది. గోరువెచ్చని నీళ్లకు లొంగదు. మిశ్రమం మొత్తం తేటగా అయ్యేదాకా హాట్ ఎయిర్ గన్‌తో వేడిచేస్తూ సీసాను తిప్పుతూ ఉండండి. పలుకులు మిగిలితే పాళ్లు తప్పినట్టే, డిగ్రీలూ తప్పుతాయి.

పాత స్టాకు, ఎండ తగలడం, తేమ చేరడం కూడా కారణాలే గానీ అరుదు. మూత బిగించి, చీకటి అలమరాలో పెడితే చాలు.